యూనివర్సిటీ ఉంటే ఇన్నొవేషన్ వచ్చేస్తుందా? నల్గొండ, పాలమూరు నుంచి చూస్తే కనిపించే లెక్క

యూనివర్సిటీలు డిగ్రీలు ఇస్తే సరిపోదు, స్టార్టప్‌లు పెట్టించాలి, పేటెంట్లు తేవాలి అనే మాట ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తోంది. కేంద్రం 2023లో చట్టం చేసి అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టింది, 5 ఏళ్లలో 50,000 కోట్లు అని లెక్క చెప్పింది, అందులో పెద్ద వాటా మాత్రం ప్రభుత్వం బయటి నుంచే రావాలి. 2025లో లక్ష కోట్లతో రీసెర్చ్, డెవలప్‌మెంట్, ఇన్నొవేషన్ పథకం వచ్చింది, పొట్టిగా ఆర్‌డీఐ అంటున్నారు. ఇవి చదివినప్పుడల్లా మన జిల్లాల్లో ఒక ప్రశ్న లేస్తుంది. నల్గొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో వచ్చింది, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చింది, మరి ఇన్నేళ్లలో ఇక్కడి రైతుకు, నేత కార్మికుడికి, మిల్లు ఓనర్‌కు వీటివల్ల ఒరిగిందేంటి?

అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే అందులో నాలుగైదు వేర్వేరు పనులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయకపోతే యూనివర్సిటీని ఊరికే తిట్టడమో, ఊరికే పొగడడమో తప్ప ఏమీ తేలదు.

తెలుసుకోవడం, తయారుచేయడం, వాడకంలోకి తేవడం

పరిశోధన అంటే ఇంతవరకు తెలియని విషయాన్ని తెలుసుకోవడం. ఆ తెలిసినదాంతో ఒక పద్ధతో, యంత్రమో, మందో తయారుచేస్తే అది ఆవిష్కరణ. అది ల్యాబ్ దాటి, ఎవరో ఒకరు డబ్బులు పెట్టి కొని లేదా రోజూ వాడి, దానివల్ల పని తేలికై, ఖర్చు తగ్గో దిగుబడి పెరిగో బతుకులో తేడా వస్తే అప్పుడు దాన్ని ఇన్నొవేషన్ అంటారు. మొదటి రెండూ జరిగి మూడోది జరగకపోవడం మనలాంటి దేశాల్లో మామూలు. ఆ మూడోదానికి ల్యాబ్‌తో పాటు పెట్టుబడి, రిపేరు చేసేవాళ్లు, కొనేవాళ్లు, చెప్పి ఒప్పించేవాళ్లు అందరూ కావాలి.

దీనికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది, పేరులోనే నల్గొండ ఉంది.

నల్గొండ టెక్నిక్: ల్యాబ్‌లో గెలిచి ఊళ్లో ఇబ్బంది పడ్డ పద్ధతి

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ ఏం చేసిందో ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు, అంతకు ఎన్నో రెట్లున్న బోరు నీళ్లు తాగి తరాలకు తరాలు వంకరపోయిన కాళ్లతో బతికాయి. 1970లలో నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు ఈ నీళ్లకు ఒక చౌక పద్ధతి తయారుచేశారు. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి బాగా కలిపితే మెత్తటి తుట్టెలు కట్టి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతాయి, పైనున్న నీళ్లు వడపోసుకుని తాగొచ్చు. కరెంటు లేకున్నా బకెట్‌తో చేసుకునేంత తేలిక. టాంజానియా, కెన్యా, ఇథియోపియా లాంటి దేశాల దాకా ఇది నల్గొండ టెక్నిక్ పేరుతోనే వెళ్లింది.

అయితే ఎంత పటిక వేయాలన్నది ఆ నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉంది, క్షారగుణం ఎంత అనేదాన్ని బట్టి మారుతుంది. ఒక బోరుకు సరిపోయిన మోతాదు పక్క బోరుకు సరిపోదు, ఎండాకాలం వస్తే అదే బోరుకు లెక్క మారుతుంది. మోతాదు తప్పితే ఫ్లోరైడ్ మిగిలిపోతుంది, లేదా నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. ఇక నీళ్లలోంచి తీసిన ఫ్లోరైడ్ అడుగున దిగిన మడ్డిలో ఉంటుంది, దాన్ని ఎక్కడ పారబోయాలి? రోజూ పటిక ఎవరు కొనాలి, ఎవరు కలపాలి, నెలకోసారి నీళ్లు ఎవరు టెస్టు చేయాలి? ఈ ప్రశ్నలు రసాయన శాస్త్రానివి కావు, ఊరివి. చివరికి ఇక్కడ పెద్ద ఎత్తున మార్పు తెచ్చింది పైపుల్లో వచ్చిన కృష్ణా నీళ్లు, ముఖ్యంగా మిషన్ భగీరథ.

ఈ కథలో యూనివర్సిటీ లేదు, గమనించారా? నీరీ సీఎస్ఐఆర్ (శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) కింద ఉండే ప్రభుత్వ ల్యాబ్. స్వాతంత్ర్యం తర్వాత మన దేశం పరిశోధనను ఎక్కువగా ఇలాంటి విడి ల్యాబ్‌లకు అప్పగించింది, హైదరాబాద్‌లోని రసాయనాల మీద పనిచేసే ఐఐసీటీ, జీవకణాల మీద పనిచేసే సీసీఎంబీ, భూమి పొరల మీద పనిచేసే ఎన్‌జీఆర్‌ఐ అన్నీ ఆ కోవలోవే. యూనివర్సిటీలకు పాఠాలు చెప్పే పని, పరీక్షలు పెట్టే పని మిగిలింది. దానివల్ల ల్యాబ్‌ల మీద పూర్తి దృష్టి పెట్టగలిగాం అనేవాళ్లున్నారు. ఒక తరం పిల్లలు పరిశోధన ఎలా జరుగుతుందో కళ్లారా చూడకుండానే పీజీలు పూర్తిచేశారు అనేవాళ్లూ ఉన్నారు. నాకు రెండో మాటే బరువైనదిగా అనిపిస్తుంది. నల్గొండ బోర్ల నీళ్లను ఏటా టెస్టు చేసే పని ఇక్కడి కాలేజీల కెమిస్ట్రీ పిల్లల చేతిలో మొదటి నుంచీ ఉండి ఉంటే ఆ మోతాదు చిక్కు కొంతైనా తగ్గేదని నేను గట్టిగా నమ్ముతాను.

వరి: యూనివర్సిటీ లాభం చూడకుండా గెలిచిన చోటు

వ్యవసాయంలో మాత్రం మనం వేరే దారి పట్టాం. అమెరికాలో 1862 చట్టంతో మొదలైన ల్యాండ్ గ్రాంట్ యూనివర్సిటీల్లో చదువు, పరిశోధన, రైతుకు చెప్పడం మూడూ ఒకే సంస్థలో ఉంటాయి. మన దేశంలో ఆ పద్ధతిలో మొదటిది 1960లో పంత్‌నగర్‌లో వచ్చింది, 1964లో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ తోడ్పాటుతో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది. 2014లో తెలంగాణ భాగం జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయమైంది. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో ఉన్న పరిశోధన స్థానం దీనిదే, మన చల్కా (ఎర్ర ఇసుక) నేలలకు పనికొచ్చే ఆముదం, కంది రకాల మీద అక్కడ పని జరుగుతుంది. దీనిదే అయిన కంపాసాగర్ కేంద్రం సంగతి నాగార్జునసాగర్ ఆయకట్టు రైతులకు తెలిసిందే.

తెలంగాణ సోనా అనే సన్న వరి రకాన్ని తీసుకుందాం. దాని నంబరు ఆర్‌ఎన్‌ఆర్ 15048, రాజేంద్రనగర్‌లో తయారై 2015లో విడుదలైంది. దాని తల్లిదండ్రుల్లో ఒకటి పశ్చిమ గోదావరి మార్టేరు నుంచి వచ్చిన ఎంటీయూ 1010, రెండోది జగిత్యాల రకం. ఆ ఎంటీయూ 1010 తల్లిదండ్రుల్లో ఒకటి ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇచ్చిన ఐఆర్ 64. అంటే మనీలా పక్కన మొదలైన పని మార్టేరు మీదుగా రాజేంద్రనగర్ చేరి, మిర్యాలగూడ పొలంలో దిగడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. రెండు రకాలను కలిపాక తరం వెంట తరం ఏరుకుంటూ పోవాలి, ఆ తర్వాత వేర్వేరు చోట్ల దిగుబడి పరీక్షలు, ఆపైన రైతుల పొలాల్లో మినీకిట్లు, అంటే కొద్దిగా విత్తనం ఇచ్చి వేయించి చూడడం. మధ్యలో ప్రభుత్వం మారినా, సైంటిస్టు బదిలీ అయినా పని ఆగకూడదు.

దీనివల్ల ఏం వచ్చిందో ఒక ఎకరం మీద లెక్కేద్దాం. 1986లో విడుదలైన సాంబ మసూరి, మనం బీపీటీ అనేది, చేతికి రావడానికి దాదాపు 145 నుంచి 150 రోజులు. తెలంగాణ సోనాకు సుమారు 125. తేడా 20 రోజులు అనుకుందాం. వరి పొలం నుంచి ఆవిరై, మొక్క పీల్చుకుని పోయే నీళ్లు రోజుకు ఉరామరికగా 5 మిల్లీమీటర్లు అనుకుంటే, ఎకరానికి రోజుకు దాదాపు 20,000 లీటర్లు. 20 రోజులకు 4 లక్షల లీటర్లు. సాగర్ ఎడమ కాలువ చివరి భూముల రైతుకు ఇది ఆఖరి తడి దొరకడానికీ ఎండిపోవడానికీ మధ్య తేడా. దానికి తోడు బీపీటీని పీడించే అగ్గి తెగులును ఈ రకం బాగా తట్టుకుంటుంది కాబట్టి మందుల ఖర్చూ తగ్గుతుంది.

మరి యూనివర్సిటీ ఖాతాలో ఎంత పడింది? రైతు మొదటిసారి విత్తనం కొంటాడు, తర్వాత తన పంటలోంచే దాచుకుంటాడు, పక్కోడికి ఇస్తాడు, 2001 నాటి మొక్క రకాల చట్టం ఆ హక్కు ఇచ్చింది కూడా. యూనివర్సిటీకి వచ్చే ఆదాయం దాదాపు సున్నా, సమాజానికి వచ్చింది కోట్ల లీటర్ల నీళ్లు. పేటెంట్లు, రాయల్టీలు, స్టార్టప్‌ల లెక్కతో ర్యాంకు వేస్తే ఈ పని ఎక్కడా కనిపించదు.

పోలేపల్లి మిషన్ల ముందు కూర్చున్న పీజీ పిల్లలు

కనిపించని పని ఇంకొకటుంది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో పెద్ద ఫార్మా కంపెనీల యూనిట్లున్నాయి. ట్యాబ్లెట్ బ్యాచ్ బయటికి వెళ్లాలంటే ముందు నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ మిషన్ దాటాలి. శాంపిల్‌ను ద్రావణంలో కరిగించి, సన్నటి కాలమ్ గుండా పంపితే అందులోని పదార్థాలు ఒక్కొక్కటి ఒక్కో టైముకు బయటికొస్తాయి, కంప్యూటర్ తెర మీద గీత పైకి లేచి దిగుతుంది. ఉండాల్సిన పీక్ పక్కన ఇంకో చిన్న పీక్ లేచిందంటే ఏదో మలినం ఉన్నట్టు. అది 0.1 శాతమైనా సరే ఎందుకొచ్చిందో, ఎక్కడినుంచి వచ్చిందో కాగితం మీద తేల్చాలి. ఆ తెర ముందు కూర్చునేవాళ్లలో మన జిల్లాల కాలేజీల్లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసిన పిల్లలు ఉంటారు.

ఇది ఇన్నొవేషన్ ఎలా అవుతుందంటారా? హైదరాబాద్ ఫార్మా కథ చూడండి. 1961లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల కంపెనీ పుట్టింది, హైదరాబాద్‌లో సోవియట్ సాయంతో దాని ఫ్యాక్టరీ వచ్చింది. 1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా తయారీ విధానానికి మాత్రమే పేటెంట్ అంది. దాంతో తెలిసిన మందునే వేరే దారిలో, తక్కువ ఖర్చుతో చేయగలిగితే చాలు అనే పరిస్థితి వచ్చింది. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి డాక్టర్ రెడ్డీస్ పెట్టారు, అదే దారిలో ఇంకెందరో వచ్చారు. 2005లో మందులకు కూడా పేటెంట్ తిరిగి వచ్చేనాటికి ఇక్కడ పరిశ్రమ నిలదొక్కుకుంది. చట్టం, ప్రభుత్వ ఫ్యాక్టరీ, ల్యాబ్‌లు వీటన్నిటితో పాటు రియాక్షన్ చదివి అర్థం చేసుకోగల వేలమంది కెమిస్ట్రీ పట్టభద్రులు లేకపోతే ఇదేదీ నడిచేది కాదు. వాళ్లను ఇచ్చింది యూనివర్సిటీలే.

బయటి జ్ఞానాన్ని గుర్తుపట్టి, అర్థం చేసుకుని, తనకు తగ్గట్టు మార్చుకునే శక్తిని ఆర్థిక శాస్త్రంలో శోషణ సామర్థ్యం అంటారు, కోహెన్, లెవింథాల్ 1990లో కంపెనీల గురించి రాస్తూ ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. అభివృద్ధి చెందుతున్న దేశాలకు మొదట కావాల్సింది ఇదేనని చాలామంది వాదిస్తారు. దక్షిణ కొరియా కూడా మొదట మిషన్లు దిగుమతి చేసుకుని, 1966లో కిస్ట్ అనే పరిశోధన సంస్థ, 1971లో కైస్ట్ అనే సైన్స్ విద్యాసంస్థ పెట్టుకుని, ఆ మిషన్లను విప్పి మళ్లీ బిగించగల ఇంజనీర్లను తయారుచేసుకుంది, సొంత కొత్త వస్తువులు ఆ తర్వాత వచ్చాయి.

యూనివర్సిటీ గడప తొక్కకుండా వచ్చిన ఆసు యంత్రం

దీనికి పూర్తిగా ఎదురు నిలిచే ఉదాహరణ కూడా మన ఉమ్మడి నల్గొండ జిల్లాదే. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం బడి మధ్యలోనే ఆపేశారు. పోచంపల్లి చీరకు రంగు కట్టేముందు ఆసు పోయాలి, అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ నూలును చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవాలి, ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చేయి ఆడించాలి. వాళ్లమ్మ లక్ష్మి భుజం నొప్పి చూసి ఆయన ఏళ్ల తరబడి తిప్పలు పడి 1999లో యంత్రం పూర్తిచేశారు, అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

సమస్య పక్కనే బతికేవాడే దానికి పరిష్కారం కనుక్కుంటాడు, యూనివర్సిటీల మీద ఇంత ఖర్చెందుకు అనేవాళ్లు ఈ ఉదాహరణ చెబుతారు. అందులో నిజముంది. ఆసు అంటే ఏంటో తెలియని ప్రొఫెసర్‌కు ఆ నొప్పి ఎప్పటికీ ప్రాజెక్టుగా కనిపించదు. కానీ ఇంకో వైపు కూడా చూడాలి. ఇలాంటి పల్లె ఆవిష్కర్తలను వెతికి పట్టుకునే హనీ బీ నెట్‌వర్క్‌ను మొదలుపెట్టింది ఐఐఎం అహ్మదాబాద్‌లో పాఠాలు చెప్పిన అనిల్ గుప్తా, దాని స్ఫూర్తితోనే 2000లో నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ వచ్చింది, మన దగ్గర పల్లె సృజన ఆ పని చేస్తోంది. ఏ తోడూ లేకుండా అన్నేళ్లు ఒక మనిషి అప్పులతో, అవమానాలతో ఒంటరిగా చేసే ప్రయోగం, ఒక వర్క్‌షాపు, ఒక మెకానికల్ లెక్చరర్ తోడుంటే ఎంత తొందరగా అయ్యేదో ఆలోచిస్తే బాధేస్తుంది.

పేటెంట్ల లెక్క ఎందుకు మోసం చేస్తుంది

అమెరికాలో 1980 నాటి బే-డోల్ చట్టం ప్రభుత్వ డబ్బుతో చేసిన పరిశోధన మీద కూడా యూనివర్సిటీ పేటెంట్ తీసుకుని కంపెనీలకు అమ్ముకోవచ్చు అంది. అదే బాటలో మన దగ్గర 2008లో ఒక బిల్లు రాజ్యసభలో పెట్టి 2014లో వెనక్కి తీసుకున్నారు. అనుకూలంగా మాట్లాడేవాళ్లు, హక్కు లేకపోతే ఏ కంపెనీ పెట్టుబడి పెట్టదు అంటారు. ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్క్ లాంటివి చూపిస్తారు, అక్కడ కంపెనీలు, విద్యార్థులు ఒకే ఆవరణలో ఉంటారు, ఏథర్ ఎలక్ట్రిక్ స్కూటర్ ఆ క్యాంపస్‌లోనే పెరిగింది. వ్యతిరేకించేవాళ్లు, జనం డబ్బుతో వచ్చిన జ్ఞానానికి జనం మళ్లీ డబ్బు కట్టాలా అంటారు. వరి విత్తనం సంగతి తలుచుకుంటే ఈ వాదన బలం తెలుస్తుంది, స్కూటర్ సంగతి తలుచుకుంటే మొదటిదాని బలం తెలుస్తుంది.

వార్తల్లో పేటెంట్ అనగానే ఒక తేడా చూడాలి. దరఖాస్తు పెట్టాక సాధారణంగా 18 నెలలకు అది పేటెంట్ ఆఫీసు పత్రికలో ప్రచురణ అవుతుంది. ప్రచురణ అయిందంటే పేటెంట్ వచ్చినట్టు కాదు, పరీక్ష ఇంకా ఉంది. మంజూరైందంటే ఎవరో వాడుతున్నారనీ కాదు. 2021లో విద్యాసంస్థలకు ఫీజు 80 శాతం తగ్గించారు, కేంద్రం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులో పేటెంట్లకు మార్కులున్నాయి, కాబట్టి దరఖాస్తుల సంఖ్య పెరగడంలో ఆశ్చర్యం లేదు. అది ఎవరికైనా లైసెన్సు ఇచ్చారా, దాంతో ఒక్క వస్తువైనా బయటికొచ్చిందా అన్నదే అసలు విషయం.

డబ్బు, మనుషులు, కొనేవాళ్లు

2020-21లో మన దేశం పరిశోధన మీద పెట్టింది జీడీపీలో 0.64 శాతం. చైనా 2 శాతం పైన, కొరియా 4 శాతం పైన. మన ఖర్చులో ఉన్నత విద్యా సంస్థల వాటా దాదాపు 9 శాతమే. అందులోనూ పెద్ద ముక్క ఐఐటీలు, ఐఐఎస్సీ లాంటివాటికి పోతుంది. రాష్ట్ర యూనివర్సిటీకి వచ్చే గ్రాంటు జీతాలకు, పెన్షన్లకు సరిపోతే గొప్ప. ఏళ్ల తరబడి పోస్టులు ఖాళీగా ఉండి, కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ లెక్చరర్లతో బండి నడుస్తోంది. పైగా ఇవి అనుబంధ కాలేజీలున్న యూనివర్సిటీలు, హాల్‌టికెట్లు, పేపర్ వాల్యుయేషన్, సప్లిమెంటరీలు, రీవాల్యుయేషన్లు సంవత్సరం పొడవునా ఉంటాయి. వచ్చే ఏడు కాంట్రాక్టు రెన్యువల్ అవుతుందో లేదోనన్న టెన్షన్‌లో ఉన్న మనిషిని పదేళ్ల ప్రయోగం మొదలుపెట్టమనడం న్యాయం కాదు.

అంతకంటే తక్కువ మాట్లాడుకునేది కొనేవాళ్ల సంగతి. కొరియాలో పరిశోధన ఖర్చులో ముప్పాతిక వంతుకు పైగా కంపెనీలదే, అంటే యూనివర్సిటీలో పుట్టిన ఆలోచనను అందుకునే చెయ్యి బయట ఉంది. మన దగ్గర ఆ చెయ్యి చాలాచోట్ల లేదు.

మిర్యాలగూడ బూడిద మీద ఒక లెక్క

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఊకను బాయిలర్లలో కాల్చి, ఆ ఆవిరితో ధాన్యం ఉప్పుడు చేస్తారు. 100 టన్నుల వడ్లకు దాదాపు 20 టన్నుల ఊక వస్తుంది, అంతా కాలిస్తే 4 టన్నుల బూడిద. ఆ బూడిదలో 85 శాతం పైగా సిలికా, అంటే మూడున్నర టన్నుల దాకా. సిలికా టైర్లలో వాడతారు, గుడ్‌ఇయర్ కంపెనీ ఊక బూడిద సిలికాతో టైర్లు చేస్తామని 2014లోనే ప్రకటించింది. తీసే పద్ధతి రహస్యం కాదు: బూడిదను కాస్టిక్ సోడాతో ఉడికిస్తే సిలికా కరుగుతుంది, వడపోసి, ఆమ్లం కలిపితే తెల్లటి పొడిగా దిగుతుంది. బెంగళూరు ఐఐఎస్సీ దగ్గర దీని టెక్నాలజీ ఉంది, ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా బీకరులో చేయడం కూడా కష్టం కాదు.

బీకరు నుంచి ఫ్యాక్టరీ దాకా ఉన్న దారిని 1 నుంచి 9 మెట్లుగా కొలుస్తారు, టీఆర్‌ఎల్ అంటారు, నాసా మొదలుపెట్టిన కొలత. ప్రాజెక్టు పిల్లవాడు మూడో మెట్టు మీదో నాలుగో మెట్టు మీదో ఆగుతాడు, ఎందుకంటే డిగ్రీకి అది చాలు. ఆ పైన కావాల్సింది రోజుకు ఒక టన్ను బూడిదతో నడిచే చిన్న ప్లాంటు. ఒక్కో మిల్లు బాయిలర్ ఒక్కో వేడి మీద మండుతుంది, సరిగా కాలని కార్బన్ ఎక్కువుంటే పొడి నల్లబడుతుంది, వేడి మరీ ఎక్కువైతే సిలికా స్ఫటికంగా మారి కరగడం మానేస్తుంది. ఏ మిల్లు బూడిద పనికొస్తుందో చెప్పాలంటే నెలల తరబడి శాంపిళ్లు తీసి చూడాలి. ఈ పనికి పరిశోధన పత్రం రాదు కాబట్టి ప్రొఫెసర్‌కు ప్రమోషన్‌లో లెక్కకు రాదు. లాభం ఖాయం కాదు కాబట్టి మిల్లు ఓనర్ చేయి పెట్టడు. అనుసంధాన్ ఫౌండేషన్ డబ్బు ఎక్కువగా మొదటి మెట్ల పరిశోధనకు, ఆర్‌డీఐ డబ్బు నాలుగో మెట్టు మీద, ఆ పైన ఉన్న ప్రైవేటు కంపెనీల పనులకు. తన దగ్గర ఒక్క కెమిస్టు కూడా లేని మిల్లు ఓనర్ ఆ దరఖాస్తు ఎలా నింపాలి?

ఇదంతా కుదిరినా ఇంకో ప్రశ్న మిగులుతుంది. ఆమ్లం కలిపాక సిలికా దిగిపోయి, మిగిలే నీళ్లలో సోడియం లవణాలు ఉంటాయి. వాటిని శుభ్రం చేయడానికి అయ్యే ఖర్చు లెక్కలో కలపకపోతే ఆ ప్లాంటు లాభంలో ఉన్నట్టే కనిపిస్తుంది, ఆ నీళ్లు పోయి చేరేది మాత్రం చుట్టుపక్కల బోర్లలోకి. ఆ బోర్లలో ఇప్పుడు ఏముంది, ప్లాంటు వచ్చిన రెండేళ్లకు ఏం మారింది అని పక్షపాతం లేకుండా కొలిచి చెప్పాల్సింది కంపెనీ కాదు, మిల్లూ కాదు. ఆ పనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు, పర్మనెంట్ ఉద్యోగంలో ఉన్న ఇద్దరు లెక్చరర్లు, నీళ్లు టెస్టు చేసే ఒక ల్యాబ్, పదేళ్లు ఆగకుండా రాసే ఒక రిజిస్టరు చాలు.